ఏ సెక్షన్ రాశారు? అడుగుదాం, రండి!



తెల్లారకముందే పనికి పోతాం. అపార్ట్‌మెంట్లలో అంట్లు తోమేవాళ్ళం, మిల్లులో నిలబడేవాళ్ళం, ఆటో తోలేవాళ్ళం, తాపీ పనికి పోయేవాళ్ళం. పోతూ పోతూ పిల్లల్ని ఎవరికో ఒకరికి అప్పజెప్పి పోతాం. పక్కింటి పెద్దాయనకి, బడికి, ట్యూషన్ సారుకి, హాస్టలు వార్డెనుకి, ఇంట్లో ఉండే చుట్టానికి. నమ్మి పోతాం. నమ్మక ఏం చేస్తాం? ఒక్కరోజు కూలి మానేస్తే పొయ్యి వెలగదు కదా!

ఆ నమ్మినచోటే మన బిడ్డలు నలిగిపోతున్నారు!

ఇది మేం భయపెట్టడానికి అంటున్న మాట కాదు. 2007లో కేంద్ర ప్రభుత్వమే ఒక సర్వే బయటపెట్టింది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని కూర్చోబెట్టి అడిగారు. అందులో 53 శాతం మంది తమ మీద ఏదో ఒక రకం లైంగిక వేధింపు జరిగిందని చెప్పారు. సగం కంటే ఎక్కువ! మగపిల్లలూ ఆడపిల్లలతో సమానంగా చెప్పారు. బాగా ఎక్కువగా బయటపడ్డ రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. చేసినవాళ్ళలో సగం మంది ఆ పిల్లలకు బాగా తెలిసినవాళ్ళు, పిల్లలు నమ్మినవాళ్ళు. ముసుగు వేసుకుని చీకట్లో వచ్చే దొంగ కోసం మనం తలుపు గడియ పెడుతున్నాం. వాడు లోపల కూర్చుని టీ తాగుతున్నాడు!

సరే, బిడ్డ నోరు విప్పింది. తల్లి ధైర్యం చేసి స్టేషన్ మెట్లెక్కింది. అప్పుడేం జరుగుతోంది? అది చెప్పడానికే ఈ కరపత్రం. పాప కేసు గెలుస్తుందా, ఓడుతుందా అనేది చాలావరకు తీర్పు రోజుకు ముందే తేలిపోతోంది. మొదటి రోజు రాసిన మొదటి కాగితం మీదే తేలిపోతోంది. ఆ కాగితం రాసేటప్పుడు ఆ తల్లి పక్కన ఎవరున్నారు? మనం లేం. ఎవరూ లేరు!

పట్టాదారు పాసుపుస్తకంలో సర్వే నంబరు ఒక్క అంకె తప్పు పడితే ఏం చేస్తాం? ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరుగుతాం. గుంట భూమైనా వదలం. మరి బిడ్డ ఎఫ్ఐఆర్‌లో సెక్షన్ నంబరు తప్పు పడితే? చూసేవాడే లేడు! ఆ నంబరు మీదే 3 ఏళ్ళా, 10 ఏళ్ళా, 20 ఏళ్ళా అన్నది ఉంది!

కాబట్టి సెక్షన్లు తెలుసుకుందాం. వకీళ్ళకే వదిలేస్తే కుదరదు. 18 ఏళ్ళు నిండని ఎవరైనా సరే, ఆడైనా మగైనా, వాళ్ళ కోసం పోక్సో అనే చట్టం ఉంది. 2012 నవంబరు 14న, బాలల దినోత్సవం రోజునే అమల్లోకి వచ్చింది. ఒంటి మీద చెయ్యి వెయ్యకపోయినా సరే, చెడ్డ ఉద్దేశంతో సైగలు చేసినా, ఫోన్లో పాడు బొమ్మలు చూపించినా, వెంటపడి వేధించినా సెక్షన్ 11. దానికి శిక్ష 3 ఏళ్ళ దాకా. చెడ్డ ఉద్దేశంతో ముట్టుకుంటే సెక్షన్ 7. దానికి 3 ఏళ్ళకు తగ్గదు, 5 దాకా పోతుంది. అత్యాచారమైతే సెక్షన్ 3. దానికి 10 ఏళ్ళకు తగ్గదు. బిడ్డకు 16 నిండకపోతే 20 ఏళ్ళకు తగ్గదు.

ఇక్కడే ఆగండి. అసలు సంగతి ఇక్కడుంది!

అదే పాడుపని టీచరు చేస్తే? హాస్టలు వార్డెను చేస్తే? పోలీసు చేస్తే? ఆస్పత్రిలో పనిచేసేవాడు చేస్తే? బాబాయో, మామయ్యో, బావో, అదే ఇంట్లో ఉండేవాడో చేస్తే? నలుగురు కలిసి చేస్తే? మళ్ళీ మళ్ళీ చేస్తే? బిడ్డకు 12 ఏళ్ళు నిండకపోతే? బిడ్డకు అంగవైకల్యం ఉంటే? చట్టం వీటన్నిటినీ వేరే గట్టున పెట్టింది. ఇవి తీవ్రమైన నేరాలు. సెక్షన్ 7 పోయి సెక్షన్ 9 రావాలి. 3 ఏళ్ళ కనీస శిక్ష 5 ఏళ్ళవుతుంది. సెక్షన్ 3 పోయి సెక్షన్ 5 రావాలి. అప్పుడు 20 ఏళ్ళకు తగ్గే ప్రసక్తే లేదు. చచ్చేదాకా జైలు, ఉరి దాకా కూడా పోవచ్చు. 17 ఏళ్ళ పిల్ల విషయంలో, చేసినవాడు ఆ పిల్ల సొంత బాబాయి అన్న సంగతి కాగితం మీదికి ఎక్కకపోతే, 20 ఏళ్ళ కేసు 10 ఏళ్ళ కేసైపోతుంది. ఒక్క వరుస రాయలేదు, పదేళ్ళు పోయాయి!

పెద్ద పెద్ద కోర్టుల్లోనే ఈ సెక్షన్ల దగ్గర తప్పులు జరిగాయి. నాగపూర్‌లో ఒకడు 12 ఏళ్ళ పిల్లను జామకాయ ఇస్తానని ఇంట్లోకి పిలిచాడు. కింది కోర్టు సెక్షన్ 7 నేరానికి శిక్ష చెప్పే సెక్షన్ 8 కింద 3 ఏళ్ళు వేసింది. 2021 జనవరిలో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి ఏమంది? బట్టల మీద నుంచి ముట్టుకున్నాడు కదా, ఒంటికి ఒళ్ళు తగల్లేదు కదా, కాబట్టి పోక్సో కింద రాదంది. శిక్ష ఏడాదికి తగ్గించేసింది! వినండి అక్కా! చేతికి గ్లవ్స్ తొడుక్కుని వస్తే నేరం కాదన్నమాట! దేశమంతా గగ్గోలు పెట్టింది. అదే ఏడాది నవంబరు 18న సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. చూడాల్సింది వాడి ఉద్దేశం, మధ్యలో గుడ్డ ఉందా లేదా అన్నది కాదని తేల్చింది. 3 ఏళ్ళ శిక్ష మళ్ళీ నిలబడింది.

ఝాన్సీలో పదేళ్ళ పిల్లవాడి మీద ఒకడు లైంగిక దాడి చేశాడు. కింది కోర్టు తీవ్రమైన నేరం కింద 10 ఏళ్ళు వేసింది. 2021లో అలహాబాద్ హైకోర్టు అది తీవ్రం కాదని మామూలు సెక్షన్‌కు దించింది, శిక్ష 7 ఏళ్ళకు తగ్గించింది. పిల్లవాడికి 12 నిండలేదు, అది చాలు తీవ్రమైన నేరం అనడానికి! చట్టంలో అచ్చు వేసి ఉన్న ముక్క అది. సుప్రీంకోర్టు 2023 జులైలో దాన్ని సరిదిద్ది పాత శిక్షనే నిలబెట్టింది. 2025 మార్చిలో అదే హైకోర్టు, మైనరు పిల్లను కల్వర్టు కిందికి లాక్కెళ్ళబోయి పైజామా తాడు తెంపినా అది అత్యాచార యత్నం కాదంది! తొమ్మిది రోజుల్లో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది.

చదువుకున్న జడ్జీల దగ్గరే ఇలా జారిపోతే, అర్ధరాత్రి స్టేషన్లో నిద్రమొహంతో రాసే కాగితంలో ఎంత జారిపోతుంది? ఆ ఢిల్లీ దాకా మన బస్తీ పిల్ల కేసు పోతుందా? పోదు. కాబట్టి ఇక్కడే, మొదటి మెట్టు మీదే పట్టుకోవాలి!

స్టేషన్లో ఏం అడగాలి? ముందు ఇది గుర్తుపెట్టుకోండి. బిడ్డను స్టేషన్‌కు ఈడ్చుకుపోనక్కర్లేదు. బిడ్డ దగ్గరికే వాళ్ళు రావాలి. ఇంటికో, బిడ్డ కోరినచోటికో రావాలి. వీలైనంత వరకు ఎస్సై హోదా తగ్గని మహిళా అధికారి రావాలి. యూనిఫాం వేసుకోకూడదు. ఏ కారణం చెప్పినా సరే, రాత్రిపూట బిడ్డను స్టేషన్లో ఉంచకూడదు. ఇది మేం కోరుతున్న దయ కాదు, చట్టంలో సెక్షన్ 24. బిడ్డ చెప్పింది బిడ్డ మాటల్లోనే రాయాలి. 'అసభ్యంగా ప్రవర్తించాడు' అని ఒక్క ముక్కలో తేల్చేసి సంతకం పెట్టమంటే పెట్టొద్దు! ఏం చేశాడో, ఎన్నిసార్లు చేశాడో, వాడు బిడ్డకు ఏమవుతాడో, ఎక్కడ పనిచేస్తాడో, బిడ్డ వయసెంతో అన్నీ పడాలి. చదివి వినిపించమనండి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, చేతికి వచ్చేదాకా కదలొద్దు. ఈ ఏరియా మాది కాదు, వేరే స్టేషన్‌కు పొమ్మంటే జీరో ఎఫ్ఐఆర్ రాయమనండి. ఫిర్యాదు రాసుకోకుండా పంపేసే పోలీసుకు పోక్సోలోనే 6 నెలల దాకా శిక్ష ఉంది. ఆ సంగతి మెల్లగా, మర్యాదగా గుర్తుచెయ్యండి. ఇలాంటి ఫిర్యాదు అందిన 24 గంటల్లో పోలీసులు బాలల సంక్షేమ కమిటీకి, ప్రత్యేక కోర్టుకు తెలపాలి. తెలిపారా అని మర్నాడు అడగండి.

ఆస్పత్రిలో కూడా అంతే. పోలీసు కాగితం తెస్తేనే చూస్తాం అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ప్రభుత్వ ఆస్పత్రైనా, ప్రైవేటైనా వెంటనే, ఉచితంగా వైద్యం చెయ్యాలి. ఆడపిల్లను లేడీ డాక్టరే చూడాలి. తల్లో, బిడ్డ నమ్మిన మనిషో పక్కనుండాలి. ఆ దిక్కుమాలిన రెండు వేళ్ళ పరీక్ష చెయ్యకూడదని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. చేస్తే తప్పు చేసినట్టే.

ఇంకో గొయ్యి ఉంది. వయసు! బిడ్డకు 18 నిండలేదని రుజువు కాకపోతే పోక్సో కేసే నిలబడదు. మన పిల్లల పుట్టినరోజులు ఎలా రాయించాం? బడిలో చేర్పించేటప్పుడు హెడ్‌మాస్టారు ఏదో జూన్ తేదీ వేశాడు, మనం సరేనన్నాం. ఊళ్ళో సగం మంది పిల్లలు జూన్‌లోనే పుట్టారు! కోర్టులో అవతలి వకీలు లాగేది ఆ దారాన్నే. బడి ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్ గానీ పదో తరగతి సర్టిఫికెట్ గానీ, అవి లేకపోతే పంచాయతీ, మున్సిపాలిటీ ఇచ్చే పుట్టిన సర్టిఫికెట్, అవీ లేకపోతేనే ఎముకల పరీక్ష. చట్టం చూసే వరస ఇది. టీసీ ఒక్కటి పట్టుకుపోతే చాలదని 2023 జులైలో సుప్రీంకోర్టు ఒక కేసులో తేల్చింది. ఆ కేసు పోయింది! అందుకే చెబుతున్నాం, పుట్టిన సర్టిఫికెట్ లేనివాళ్ళు ఈ నెలలోనే రాయించుకోండి.

ఇక పెద్దమనుషుల సంగతి. కేసు పడిందంటే సాయంత్రానికి వచ్చేస్తారు. "పిల్ల పెళ్ళి ఎట్లా అవుద్దమ్మా? ఊళ్ళో పరువు పోతుంది. లక్షో రెండో ఇప్పిస్తాం, కాగితం మీద సంతకం పెట్టు. కోర్టుల చుట్టూ నువ్వేం తిరుగుతావు?" ఆ తల్లికి అద్దె కట్టాలి. కూలి పోతోంది. ఇల్లుగలామె ఖాళీ చెయ్యమంటోంది. వాడు బెయిలు మీద వచ్చి అదే వీధిలో బండి మీద తిరుగుతున్నాడు. పిల్ల బడి మానేసింది. ఆ తల్లి సంతకం పెడితే తప్పెవరిది? ఆమెదా? ఆమెను ఒంటరిగా వదిలేసిన మనది!

రాజీ కుదరదు! పోక్సో కేసు పెద్దమనుషులు తీర్చే తగవు కాదు. రాజస్థాన్‌లో ఒక టీచరు మైనరు విద్యార్థిని మీద చెయ్యి వేశాడు. పిల్ల తండ్రితో రాజీ కాగితం రాయించుకున్నాడు. హైకోర్టు దాన్ని చూసి కేసు కొట్టేసింది. అప్పుడు ఎవరు లేచారో తెలుసా? ఆ ఊరివాళ్ళు! పిల్లకు చుట్టాలు కాదు, పక్కాలు కాదు, ఆ ఊరివాళ్ళు. సుప్రీంకోర్టు దాకా పోయారు. "మీకేం సంబంధం?" అని అవతలివాళ్ళు అడ్డంపడ్డారు. 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు చెప్పింది: ఇలాంటి నేరం రెండు కుటుంబాల మధ్య సొంత గొడవ కాదు, రాజీ పేరుతో కొట్టెయ్యడానికి లేదు. కేసు మళ్ళీ నిలబడింది. ఆ ఊరివాళ్ళకు ఉన్న గుండె మనకు లేదా?

డబ్బు గురించా? బిడ్డకు పరిహారం చట్టమే ఇస్తుంది. తీర్పు దాకా కూడా ఆగక్కర్లేదు. ఎఫ్ఐఆర్ పడ్డాక ఎప్పుడైనా మధ్యంతర పరిహారం ఇమ్మని ప్రత్యేక కోర్టును అడగొచ్చు. వాడి డబ్బుకు చెయ్యి చాచే అవసరం ఆ తల్లికి రాకూడదు. "పెళ్ళి చేసేద్దాం, వాడికే ఇచ్చేద్దాం" అనే మాట కూడా వింటున్నాం. ఛీ! 18 నిండని భార్యతోనైనా అది అత్యాచారమేనని 2017 అక్టోబరు 11న సుప్రీంకోర్టు చెప్పింది. తాళి కట్టినంత మాత్రాన నేరం మాయం కాదు.

కోర్టుకు వద్దాం. చట్టం ఏమంటుంది? కేసు కోర్టు చేపట్టిన 30 రోజుల్లో బిడ్డ సాక్ష్యం అయిపోవాలి. వీలైనంత వరకు ఏడాదిలోపు మొత్తం కేసు ముగియాలి. తలుపులు మూసి విచారించాలి. బిడ్డకు వాడి మొహం కనబడకూడదు. అవతలి వకీలు బిడ్డను నేరుగా గద్దించకూడదు, ప్రశ్న జడ్జికి ఇస్తే జడ్జి అడగాలి. బిడ్డ అలిసిపోతే ఆపాలి. బిడ్డ సాక్ష్యం నిలబడి అసలు సంగతులు రుజువైతే, ఆ నేరం నేను చెయ్యలేదని నిరూపించుకునే భారం వాడి మీదే ఉంటుంది. వంద కేసులకు మించి ఉన్న ప్రతి జిల్లాలో పోక్సోకే ఒక కోర్టు పెట్టమని 2019 జులైలోనే సుప్రీంకోర్టు ఆదేశించింది.

జరుగుతున్నదేంటి? వాయిదా! మళ్ళీ వాయిదా! సాక్షి రాలేదు, ల్యాబ్ రిపోర్టు రాలేదు, పీపీ గారు (ప్రభుత్వ వకీలు) లేరు, వకీలు గారికి జ్వరం. ప్రతి వాయిదాకూ ఒక రోజు కూలి, రెండు బస్సు టికెట్లు. ఎనిమిదో తరగతిలో జరిగింది డిగ్రీలో చెప్పాల్సి వస్తే ఏ బిడ్డకు గుర్తుంటుంది? మర్చిపోదామని ఎన్ని రాత్రులు పోరాడిందో! అప్పుడు తడబడితే "సాక్షి ఎదురు తిరిగింది" అని రాస్తారు. ఎదురు తిరగలేదు, అలిసిపోయింది!

కుదరదనకండి, కుదిరింది. 2019 జూన్‌లో హన్మకొండలో తొమ్మిది నెలల పసికందును అత్యాచారం చేసి చంపేస్తే రెండు నెలల్లోపే కింది కోర్టు తీర్పు చెప్పింది. 2022 అక్టోబరులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ఒక బడిలో నాలుగేళ్ళ పాప మీద ఒక డ్రైవరు అఘాయిత్యం చేశాడు. తల్లిదండ్రులు రోడ్డెక్కారు. 2023 ఏప్రిల్ కల్లా ఆ డ్రైవరుకు 20 ఏళ్ళ శిక్ష పడింది. ఆరు నెలలు! అందరి కళ్ళూ ఆ ఫైలు మీదున్నప్పుడు కదిలింది. మన వాడకట్టు పిల్ల ఫైలు మీద ఎవరి కళ్ళున్నాయి?

ఒక మాట చెబుతాం, కోపం తెచ్చుకోకండి. "ఎన్‌కౌంటర్ చెయ్యాలి! ఉరి తియ్యాలి!" అని అరవడంలో మనం ముందుంటాం. 2019 డిసెంబరులో అత్యాచారం, హత్య కేసు నిందితుల్ని చటాన్‌పల్లి దగ్గర కాల్చేస్తే పోలీసుల మీద పూలు చల్లాం. పిల్లలకు భద్రత వచ్చిందా? పరాయివాడైతే కాల్చమంటాం. మన కులపాయన, మన సారు, మన బాబాయైతే? "పోనీలే, తాగి ఉన్నాడు" అంటాం. ర్యాలీకి వెయ్యిమంది, ఏడాది తర్వాత వాయిదాకు తల్లీకూతుళ్ళు ఇద్దరే! ఇది మారాలి. ర్యాలీలో ఫ్లెక్సీ మీద పాప ఫొటో వెయ్యడం, వాట్సాప్‌లో పేరూ ఊరూ తిప్పడం కూడా మానాలి. అది నేరం. జైలు శిక్ష ఉన్న నేరం. మంచి మనసుతో చేసినా ఆ బిడ్డకు అది ఇంకో దెబ్బ.

ఇంకో చేదు మాట. పదిహేడేళ్ళ పిల్ల వేరే కులం కుర్రాడిని ఇష్టపడిందని, వాడి మీద కక్షతో లేనిపోనివి కలిపి పోక్సో పెట్టించే తండ్రులున్నారు. అన్నా, ఆ పని చెయ్యొద్దు! నీ కులం పంతం కోసం పెట్టిన ప్రతి కేసూ నిజంగా నలిగిన బిడ్డ మాటను జడ్జి ముందు పలచన చేస్తుంది. ఈ చట్టం పిల్లల కోసం పుట్టింది, మన పట్టింపుల కోసం కాదు.

మరి ఏం చేద్దాం? ప్రతి బస్తీలో, ప్రతి వాడలో అయిదుగురం చాలు. ఇద్దరు ఆడవాళ్ళు తప్పకుండా ఉండాలి. ఏ ఇంట్లో బిడ్డ నోరు విప్పినా, ముందు నమ్ముదాం. "నువ్వెందుకు పోయావు?" అనే ప్రశ్న మన నోట రాకూడదు. 1098కి చేద్దాం, పగలూ రాత్రీ పలుకుతుంది. 112కి చేద్దాం. తెలిసీ చెప్పకపోవడమే నేరమని ఈ చట్టంలో సెక్షన్ 21 ఉంది. బడి పరువు కోసం దాచిపెట్టే పెద్దలకు ఏడాది దాకా జైలు ఉంది. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద ఏ కేసూ ఉండదు. భయమెందుకు?

ఆ తల్లితో స్టేషన్‌కు ఇద్దరం పోదాం. ఏ సెక్షన్ రాశారని అడుగుదాం. ఛార్జిషీటు పడ్డప్పుడు మళ్ళీ అడుగుదాం. కోర్టులో బిడ్డకు తోడుండే సహాయక వ్యక్తిని ఇమ్మని బాలల సంక్షేమ కమిటీకి అర్జీ పెడదాం. అది తల్లిదండ్రులు అడిగితేనే ఇచ్చేది కాదు, ఇవ్వడం సర్కారు బాధ్యతని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. వకీలుకు డబ్బుల్లేవా? 15100కి చేస్తే న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది. వాయిదా రోజున లోపలికి రానివ్వరు, రానివ్వకూడదు కూడా. బయట చెట్టు కింద కూర్చుందాం. ఆ తల్లి బయటికి వచ్చేసరికి మన మొహాలు కనబడాలి. ఆమె కూలి పోయిన రోజు మనం తలా పది రూపాయలు వేసుకోలేమా? పండక్కి చందాలు వేసుకోవడంలేదా?

అక్కా, అన్నా! ఈ ఆదివారం సాయంత్రం ఆరింటికి మన కమ్యూనిటీ హాలుకు రండి. ఆ అయిదుగురి పేర్లు అక్కడే రాసుకుందాం. స్టేషన్‌కు ఎవరు పోవాలో, కోర్టుకు ఎవరు పోవాలో అక్కడే తేల్చుకుందాం. మగవాళ్ళు కూడా రావాలి, ఇది ఆడవాళ్ళ మీటింగని ఇంట్లో కూర్చోవద్దు. వచ్చేటప్పుడు మీ పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు పట్టుకురండి. లేనివాళ్ళకు దరఖాస్తు మేమే రాసిపెడతాం.